రొట్టె తూకం నుంచి ఊరి పొలిమేర దాకా: స్కాట్లాండ్ పాత టౌన్ కౌన్సిళ్ల దారిలో

సోమవారం, ఎడిన్‌బరో

ఎడిన్‌బరో వచ్చినవాళ్లు ముందు కోట చూస్తారు. మా బామ్మర్ది ఇక్కడే ఉంటాడు కాబట్టి వాడు కోట టికెట్లు కొంటానన్నాడు. వద్దన్నాను. నా ఉద్యోగమంతా మున్సిపల్ ఆఫీసుల్లోనే గడిచింది. ఆశీళ్ల వేలాలు, నీటి పన్ను బకాయిలు, కౌన్సిల్ తీర్మానాలు రాయడం, ఇదే నా లోకం. ఇదే పని 500 ఏళ్ల కిందట ఇక్కడివాళ్లు ఎలా చేసేవారో చూడాలని నా ఆశ. "రిటైరయ్యాక కూడా ఆఫీసు పనేనా బావగారూ" అని నవ్వాడు గానీ, వారం సెలవు పెట్టి వెంట వచ్చాడు.

హై స్ట్రీట్‌లో కిందికి నడిస్తే సెయింట్ జైల్స్ చర్చి పక్కన నేలమీద రాళ్లతో పేర్చిన గుండె బొమ్మ ఉంటుంది. పాత టోల్‌బూత్ ఉన్న చోటు అది. ఒకే కట్టడంలో పన్నుల వసూలు, కౌన్సిల్ సమావేశం, కోర్టు, జైలు నడిచేవి. 1817లో పడగొట్టారు. దారిన పోయేవాళ్లు ఇప్పటికీ ఆ గుండె మీద ఉమ్మేసి పోతారు. జైలు మీద కోపమని కొందరు, అదృష్టమని కొందరు అంటారు. పన్నుల ఆఫీసు మీద కోపం కూడా అందులో కొంత ఉండే ఉంటుందని నా అనుమానం.

ఈ ఊళ్లను రాయల్ బరోలు అనేవారు. 12వ శతాబ్దంలో ఒకటో డేవిడ్ రాజు కాలం నుంచి చార్టర్లు, అంటే రాజు ఇచ్చే హక్కుపత్రాలు, పొందిన ఊళ్లు. రాజుకు డబ్బు కట్టాలి, బదులుగా వ్యాపారం మీద హక్కు ఊరిది. ఊళ్లో అందరికీ ఆ హక్కు లేదు. బర్జెస్‌గా పేరు నమోదైనవాళ్లకే. దానికి ఫీజు ఉంది. బర్జెస్ కొడుక్కి ఫీజు తక్కువ, బర్జెస్ కూతుర్ని పెళ్లాడినవాడికీ తక్కువే. "అల్లుడికి డిస్కౌంటా!" అని మావాడు ఆశ్చర్యపోయాడు. ఊరి పెద్ద ప్రొవోస్ట్, అతని కింద మేజిస్ట్రేట్ల పని చేసే బెయిలీలు, ఖజానాదారు, కట్టడాల తగవులు తీర్చే డీన్ ఆఫ్ గిల్డ్, చేతివృత్తుల సంఘాల పెద్దలు. ఇదీ కౌన్సిల్.

ఇందులో అసలు కీలకం 1469 నాటి చట్టం. ఏటేటా ఎన్నికలంటే సామాన్య జనం గుమిగూడి గోల చేస్తున్నారని చెప్పి, దిగిపోయే కౌన్సిలే కొత్త కౌన్సిల్‌ను ఎంచుకోవాలని పార్లమెంటు శాసించింది. అంటే తమను తామే ఎన్నుకునే క్లబ్బు. ఆ పద్ధతి 1833 దాకా సాగింది. ఈ ప్రయాణంలో చూసిన ప్రతిదాని వెనకా నాకు ఇదే కనబడుతూ వచ్చింది.

ఆ క్లబ్బు చేతిలో ఏముందో ఈ వీధి సందుల పేర్లే చెబుతాయి. ఫ్లెష్‌మార్కెట్ క్లోజ్ అంటే మాంసం సంత సందు. ఓల్డ్ ఫిష్‌మార్కెట్ క్లోజ్ చేపలది. ఏ సరుకు ఏ వీధిలో అమ్మాలో 1477లో మూడో జేమ్స్ రాజు పేరుతో ఉత్తర్వు వచ్చింది. ఎండుగడ్డి, పచ్చగడ్డి ఒకచోట, ధాన్యం ఒకచోట, పశువులు ఊరి చివర. సంత గంట మోగకముందే ఊరి బయటే రైతు దగ్గర సరుకు కొనేయడం పెద్ద నేరం. దళారులు ధర పెంచేస్తారన్న భయం.

రొట్టె లెక్క నాకు బాగా నచ్చింది. పెన్నీ రొట్టె ధర మారదు. గోధుమ ధర పెరిగితే రొట్టె బరువు ఎంతకు దిగొచ్చో కౌన్సిల్ నిర్ణయిస్తుంది. అంతకన్నా తగ్గితే జరిమానా, రొట్టె జప్తు, అది పేదలకు పంపకం. ఇప్పుడు బిస్కెట్ ప్యాకెట్ ధర అలాగే ఉంచి లోపల రెండు బిస్కెట్లు తగ్గిస్తున్నారే, ఆ పనే అక్కడ ప్రభుత్వం లెక్క కట్టి, దండోరా వేసి చేసింది. ఏల్ అనే బీరు ధరకూ అంతే. రుచి చూసి ధర ఖాయం చేయడానికి ప్రత్యేకంగా మనుషులుండేవారు. ఆ పోస్టుకు మా ఆఫీసులో అయితే బదిలీల కోసం మంత్రి దాకా సిఫారసులు పోయేవి.

దండోరా వేసే చోటు మెర్కాట్ క్రాస్. అంటే సంత కూడలిలో రాతి స్తంభం. ఇక్కడిది 1756లో తీసేశారు, ఇప్పుడున్నది 1885లో కట్టింది. 2022 సెప్టెంబర్‌లో చార్లెస్ రాజు అయినప్పుడు ప్రకటన చదివింది ఈ కట్టడం మీద నుంచే. దానికి ఎదురుగా ఉన్న సిటీ ఛాంబర్స్ కథ ఇంకా బాగుంటుంది. వర్తకులు వానలో నిలబడి బేరాలాడుతున్నారని 1753లో మొదలుపెట్టి వాళ్ల కోసం రాయల్ ఎక్స్ఛేంజ్ కట్టారు. వర్తకులు లోపలికి పోనేలేదు. అలవాటైన కూడలిలోనే నిలబడ్డారు. చివరికి 1811లో కౌన్సిలే అందులోకి మారింది. ఊరి చివర కట్టి పడేసిన కూరగాయల మార్కెట్లు, రోడ్డు మీదే కూర్చున్న అమ్మలు నాకు గుర్తొచ్చారు.

పారిశుద్ధ్యం గురించి ఎక్కువ చెప్పను. ఎత్తైన ఇళ్లు, కాలవలు లేవు. రాత్రి పది దాటాక "గార్డీలూ" అని అరిచి పై అంతస్తుల నుంచి కుండలు గుమ్మరించేవారు. కౌన్సిల్ ఎన్ని తీర్మానాలు చేసినా అదే తీర్మానం మళ్లీ మళ్లీ చేయాల్సి వచ్చేది. ఒక ఉత్తర్వు పదేపదే వస్తోందంటే అది అమలు కాలేదని అర్థం. ఇది నాకెవరూ నేర్పక్కర్లేదు.

ప్లేగు వచ్చినప్పుడు మాత్రం అమలు గట్టిగానే ఉండేది. 1530లో డేవిడ్ డ్యూలీ అనే దర్జీ, ఇంట్లో భార్యకు ప్లేగు వస్తే కౌన్సిల్‌కు చెప్పలేదు. ఆదివారం సెయింట్ జైల్స్‌లో ప్రార్థనకు కూడా వెళ్లొచ్చాడు. అతని గుమ్మం ముందే ఉరి తీయమన్నారు. ఉరితాడు తెగింది. దేవుడు వదిలేశాడు, పైగా చిన్నపిల్లలున్న పేదవాడు అని రాసి, ఊరి నుంచి బహిష్కరించారు. ఈ కథ మావాడికి చర్చి మెట్ల మీద చెప్పాను. కోవిడ్ రోజుల్లో తను దగ్గుతూ కూడా షాపుకు వెళ్లొచ్చిన సంగతి అప్పుడు బయటపెట్టాడు.

మంగళవారం, లిన్‌లిత్‌గో

జూన్‌లో రెండో గురువారం తర్వాత వచ్చే మంగళవారం ఇక్కడ పొలిమేరల పండుగ. వాళ్లు మార్చెస్ అంటారు. దీనికోసమే తేదీలు చూసుకుని వచ్చాం. తెల్లవారుజామున ఐదింటికే పిల్లనగ్రోవులు, డ్రమ్ములు ఊరు లేపుతాయట. మేం చేరేసరికి రైల్వే స్టేషన్ నుంచే జనం. బ్యాండ్లు, గుర్రబ్బళ్లు, టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు, పొద్దున్నే గ్లాసులు.

ఇప్పుడు ఉత్సవమే గానీ అసలు ఇది మున్సిపల్ డ్యూటీ. ఊరి ఉమ్మడి భూమిలో పశువులు మేస్తాయి, జనం కట్టెలు, పీట్ అనే పొయ్యిలో కాల్చే మట్టి తెచ్చుకుంటారు. పక్కనున్న భూస్వామి ఏడాదికో బారెడు దున్నుకుంటూ లోపలికొస్తాడు. హద్దురాయి రాత్రికి రాత్రి జరుగుతుంది. అందుకని ప్రొవోస్ట్, బెయిలీలు, బర్జెస్‌లు అంతా కలిసి ఏటా హద్దు చుట్టూ తిరిగి రాళ్లు ఎక్కడివక్కడ ఉన్నాయో లేదో చూసుకోవాలి. సర్వేయర్లు, పొలం కొలతల పుస్తకాలు లేని కాలంలో జనం జ్ఞాపకమే రికార్డు. హాజరు తప్పనిసరి. ముందు శుక్రవారం వేసే దండోరాలో, రానివాళ్లకు తలా వంద స్కాట్స్ పౌండ్లు జరిమానా అని ఇవాళ్టికీ చదువుతారు. కంగారు పడక్కర్లేదు, 12 స్కాట్స్ పౌండ్లు కలిస్తే ఒక ఇంగ్లిష్ పౌండు. మొత్తం ఎనిమిది పౌండ్ల చిల్లర.

ఊరేగింపు పడమర వైపు వంతెన దాకా, ఆ తర్వాత తూర్పున సముద్రపు ఒడ్డు బ్లాక్‌నెస్ దాకా పోతుంది. బ్లాక్‌నెస్ ఒకప్పుడు ఈ ఊరి రేవు. అక్కడ గుట్ట మీద ఊరి తరఫున ఒక బేరన్ బెయిలీని నియమిస్తారు. రేవులో సుంకం, తగవులు చూసుకోవడానికి కౌన్సిల్ పెట్టుకున్న మనిషి. రేవు పోయింది, సుంకం పోయింది, పోస్టు మాత్రం ఉంది. ఇలాంటివి మా దగ్గర కూడా కొన్ని ఉండేవి, పేర్లు చెప్పను.

సాయంత్రం తిరిగొచ్చి క్రాస్ వెల్ అనే బావి చుట్టూ మూడు చుట్లు తిరిగి ముగిస్తారు. ఇప్పుడున్న బావి కట్టడం 1807 నాటిది. దాన్ని చెక్కిన రాబర్ట్ గ్రే అనే శిల్పికి ఒకటే చెయ్యి. మొండి చేతికి సుత్తి కట్టుకుని చెక్కాడట. బొమ్మల దగ్గర నిలబడి చూస్తే నమ్మబుద్ధి కాదు. రాత్రి తిరుగు రైల్లో నిలబడటానికి కూడా చోటు దొరకలేదు.

బుధవారం, స్టిర్లింగ్

ఇక్కడ నేను చూడాలనుకున్నది ఒక చెంబు.

1457 ప్రాంతంలో దేశమంతటికీ ఒకే కొలతలుండాలని స్కాట్ పార్లమెంటు అనుకుంది. ప్రమాణాలను ఒక్కో ఊరికి పంచింది. గుడ్డ కొలిచే ఎల్ కడ్డీ ఎడిన్‌బరోకు, తూకపు రాయి లానర్క్‌కు, ధాన్యం కొలిచే ఫిర్లాట్ లిన్‌లిత్‌గోకు, ద్రవాలు కొలిచే పింట్ చెంబు స్టిర్లింగ్‌కు. ఎల్ అంటే 37 అంగుళాలు. స్కాట్స్ పింట్ దాదాపు 1.7 లీటర్లు, ఇప్పటి పింట్‌కు మూడింతలు. పెద్ద మనసున్న కాలం అని మావాడి తీర్పు.

ఆ చెంబు ఇప్పుడు స్టిర్లింగ్ స్మిత్ మ్యూజియంలో ఉంది. లోహపు పాత్ర, పైకి పోనుపోను సన్నబడుతుంది, పక్కన పిడి. మూతి ఎందుకు సన్నం? నిండింది లేనిదీ కొలిచేచోట తేడా తక్కువ వస్తుంది. ఈ చెంబును స్టిర్లింగ్ కౌన్సిల్ పోగొట్టుకుంది! ఒక లోహపు పాత్రలు చేసే అతనికి అరువిచ్చి మర్చిపోయారు. అతను 1745 తిరుగుబాటులో, సింహాసనం కోసం లేచిన స్టూవర్ట్ వంశపు యువరాజు చార్లెస్ వైపు వెళ్లి తిరిగి రాలేదు, సామాను అమ్ముడుపోయింది. 1750ల మొదట్లో లెక్కల మీద ఇష్టమున్న అలెగ్జాండర్ బ్రైస్ అనే చర్చి పాస్టరు పట్టువదలకుండా వెతికి అటకమీద చెత్తలో పట్టుకున్నాడు. దేశపు కొలత అటకమీద ఉన్నన్నాళ్లు ఊళ్లో పింట్లు ఎలా పోశారో పైవాడికే తెలియాలి.

మ్యూజియం నుంచి ఎగువకు బ్రాడ్ స్ట్రీట్. ఇక్కడి టోల్‌బూత్ 1705 ప్రాంతంలో కట్టింది, ఇప్పుడు అందులో సంగీత కచేరీలు జరుగుతాయి. ముందు కూడలి స్తంభం మీద ఒంటికొమ్ము గుర్రం. ఊరివాళ్లు దాన్ని ముద్దుగా పగ్గీ అంటారు.

ఈ వీధిలోనే కౌన్సిల్ ఆదాయం గురించి మాట్లాడుకోవాలి. సంతకొచ్చే బండి మీద, గుర్రపు మోత మీద, తట్ట మీద చిన్న చిన్న సుంకాలు. పట్టణం మిల్లుల్లో పిండి పట్టించుకోవాలి, దానికి వాటా. తూకం వేయించుకుంటే రుసుము. వీటిని కౌన్సిల్ తన సిబ్బందితో వసూలు చేయించదు. ఏటా వేలం వేస్తుంది, ఎక్కువ పాడినవాడు డబ్బు కట్టి సంతలో నిలబడి వసూలు చేసుకుంటాడు. ఆశీళ్ల పాటలో కూర్చుని గొంతు పోయేలా అరిచిన నాకు ఇది చదవగానే చుట్టాలింటికి వచ్చినట్టయింది. పాటలో ఎవరు ఎవరితో ముందే మాట్లాడుకున్నారు, ఎవరు కావాలనే తగ్గి పాడారు, ఆ నాటకం అక్కడా జరిగే ఉంటుంది.

ఊహ అక్కర్లేదు, స్టిర్లింగ్‌లో కాగితం మీదే దొరికింది. 1773లో ముగ్గురు కౌన్సిలర్లు రహస్యంగా ఒక ఒప్పందం రాసుకున్నారు. కౌన్సిల్ ఎప్పుడూ తమ గుప్పిట్లోనే ఉండేలా చూసుకోవాలి, లాభాలు పంచుకోవాలి. దీన్ని బ్లాక్ బాండ్ అంటారు. అది బయటపడి కోర్టుకెక్కింది. ఎన్నికలు చెల్లవని తీర్పొచ్చింది. ఊరి హక్కులు రద్దయ్యాయి, 1781లో గానీ తిరిగి రాలేదు. నాకు వింతగా తోచింది దొంగతనం కాదు, దాన్ని రాతపూర్వకంగా పెట్టుకోవడం. నోటిమాట చాలకపోయిందంటే ముగ్గురిలో ఒక్కరికి మరొకరి మీద నమ్మకం లేదన్నమాట.

గురువారం, కల్‌రాస్

ఫోర్త్ నది సముద్రంలో కలిసేచోటి ఖాతం ఒడ్డున చిన్న ఊరు. రైలు లేదు, బస్సులు మారుతూ పోయాం. పసుపు గోడలు, ఎర్ర పెంకులు, గులకరాళ్ల వీధులు. సినిమాలవాళ్లు తరచూ వస్తారు.

వీధి మధ్యలో రాళ్లు కాస్త ఎత్తుగా ఉంటాయి. పెద్దవాళ్లు బురద అంటకుండా ఆ మధ్య నుంచి నడిచేవారు, మిగతావాళ్లు పక్కలకు, మురుగులోకి. వీధి కొలతలో కూడా హోదా. మావాడు కావాలనే ఊరంతా మధ్యలోనే నడిచాడు.

టౌన్ హౌస్ 1626 నాటిది, గడియారపు గోపురం 1783లో చేర్చారు. కింద జైలు, పైన కౌన్సిల్ గది, ఆ పైన అటక. మంత్రగత్తెలని పట్టుకొచ్చిన ఆడవాళ్లను ఆ అటకలో ఉంచేవారు. ఎక్కువగా ముసలివాళ్లు, ఒంటరివాళ్లు. నిద్రపోనివ్వకుండా కాపలా కాసి మాట రాబట్టడం ఆ రోజుల్లో మామూలు. కింద గదిలో అదే బెయిలీలు మార్కెట్ ధరలు, పెంటకుప్పల జరిమానాలు తేల్చేవారు. అవే చేతులు, అదే సిరా. గైడ్ చెబుతున్నంతసేపూ మా గుంపులో ఎవరూ మాట్లాడలేదు.

ఈ ఊరికి ఆదాయం బొగ్గు, ఉప్పుతో పాటు పెనాల నుంచి. రొట్టెలు కాల్చే ఇనప పెనం, వాళ్ల మాటలో గర్డిల్. స్కాట్లాండ్‌లో పెనాలు కల్‌రాస్ కమ్మరులే చేయాలని 1599లో ఆరో జేమ్స్ రాజు గుత్త హక్కు ఇచ్చాడు. వేరే ఊళ్లో ఎవరైనా పెనం చేస్తే కేసు. 18వ శతాబ్దంలో కోర్టు ఆ గుత్తను కొట్టేసింది. 1759లో మొదలైన కారన్ ఫౌండ్రీ చవకగా పోత ఇనుము దింపేసరికి కమ్మరుల పని అయిపోయింది. ఓట్స్ రొట్టె ఒకటి ఇక్కడి హోటల్లో తిన్నాం. జొన్నరొట్టె తిన్న నోటికి చప్పగా ఉంది.

శుక్రవారం, అబర్దీన్

రైల్లో పర్త్, డండీ దాటాక సముద్రం కుడివైపు తోడొస్తుంది. దారి పొడుగునా ఫోన్‌లో అబర్దీన్ కౌన్సిల్ రిజిస్టర్లు చదువుతూ కూర్చున్నాను. 1398 నుంచి 1511 దాకా ఎనిమిది సంపుటాలు, ఐదు వేలకు పైగా పేజీలు, కొంత లాటిన్, కొంత పాత స్కాట్స్ భాష. అచ్చు రూపంలోకి మార్చి అందరికీ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారు. 2013లో యునెస్కో వారి బ్రిటన్ జాబితాలో చేరాయి. మధ్యలో ఒక సంపుటం పోయింది. పోయిన ఫైలు కోసం సంజాయిషీ నోటీసు ఎవరికి ఇవ్వాలి ఇప్పుడు?

ఇందులో రాజుల కథలు తక్కువ. అప్పు ఎగ్గొట్టినవాడు, పక్కింటి గోడ తన స్థలంలోకి వచ్చిందన్నవాడు, ఆలస్యంగా చేరిన ఓడ సరుకు, వీధిలో తిట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు. మధ్యలో ఎక్కడో హఠాత్తుగా చరిత్ర తగులుతుంది. 1497 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిందంటున్న ఒక రోగం మీద ఉత్తర్వు ఉంది. సిఫిలిస్ అది. కొలంబస్ తొలి ప్రయాణం నుంచి తిరిగొచ్చి నాలుగేళ్లే. వ్యభిచారం మానకపోతే ఆ ఆడవాళ్ల చెంపమీద కాల్చిన ఇనుముతో వాత పెట్టి ఊరి నుంచి వెళ్లగొడతామన్నారు. రోగం ఎలా అంటుతుందో అంత త్వరగా పోల్చుకున్నందుకు మెచ్చుకోవాలి. వాత ఆడవాళ్లకు మాత్రమే ఎందుకో అడగాలి. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఎడిన్‌బరోలో రోగులందరినీ ఇంచ్‌కీత్ దీవికి పొమ్మన్నారు, ఆడా మగా తేడా లేకుండా.

1505లో ఆస్తి పంపకం విచారణ ఒకటి. చనిపోయిన ఒక మతగురువు సామాను జాబితాలో ఆక్వావిటే, గులాబీ నీరు తీసే బట్టీ పాత్ర ఉంది. ఆక్వావిటే అంటే విస్కీకి పూర్వరూపం. ఆ పాత్ర గురించి స్కాట్లాండ్‌లో దొరికిన మొట్టమొదటి రాత ఇదేనని పరిశోధకులు చెప్పారు. ఈ ఒక్క పేజీ చూపించాక మావాడికి రికార్డుల మీద గౌరవం కలిగింది.

కాసిల్‌గేట్ కూడలిలో 1686 నాటి మెర్కాట్ క్రాస్ ఉంది. ఆరు పలకల మండపం, చుట్టూ స్టూవర్ట్ రాజుల ముఖాలు. పక్కనే 17వ శతాబ్దపు టోల్‌బూత్, ఇప్పుడు మ్యూజియం. ఇరుకు మెట్లు, చీకటి గదులు, తలలు నరికిన మెయిడెన్ యంత్రపు కత్తి. చూసి త్వరగానే బయటికొచ్చాం.

నేను నిలబడి చూసింది యూనియన్ స్ట్రీట్‌ను. మైలు పొడవు, తిన్నగా, గ్రానైట్ భవనాలు. 1801లో మొదలుపెట్టారు. గుట్ట కోసి, లోయ మీద కమానులు కట్టి, పాత వీధుల పైనుంచి వేసిన రోడ్డు. అందంగా ఉంది, ఒప్పుకోవాలి. ఖర్చు మాత్రం కౌన్సిల్ లోపలివాళ్లకే తెలుసు. అడిగే హక్కు బయట ఎవరికీ లేదు. 1817లో కౌన్సిల్ దివాలా తీసింది. అబర్దీన్ ఒక్కటే కాదు, లీత్ రేవు మీద అప్పులు చేసిన ఎడిన్‌బరో కూడా 1833లో చేతులెత్తేసింది. దశాబ్దాలుగా గొడవ చేస్తున్న సంస్కరణవాదులకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది. అదే ఏడాది చట్టం మారి, ఏటా పది పౌండ్ల అద్దె విలువున్న ఇంటివాళ్లకు ఓటొచ్చింది. 364 ఏళ్ల క్లబ్బు మూతపడింది. బరోలు మాత్రం 1975 మే దాకా సాగి, అప్పుడు జిల్లా కౌన్సిళ్లలో కలిసిపోయాయి.

కలిసిపోనిది ఒకటుంది. 1319లో స్కాట్లాండ్ రాజు రాబర్ట్ ద బ్రూస్ స్టాకెట్ అడవిని అబర్దీన్‌కు శాశ్వతంగా ఇచ్చాడు. ఏటా 213 పౌండ్ల 6 షిల్లింగుల 8 పెన్నీలు రాజుకు కట్టాలి. ఆ భూమి రాబడితో పెరిగిన నిధిని కామన్ గుడ్ అంటారు, ఊరి జనమందరి సొత్తు. 700 ఏళ్లు దాటినా అబర్దీన్ కౌన్సిల్ లెక్కల్లో ఆ పద్దు విడిగానే నడుస్తోంది. మిగతా పాత బరోలకూ ఉంది. కానీ చాలాచోట్ల భూములు పాత కౌన్సిళ్ల కాలంలోనే కౌన్సిలర్లకు, వాళ్ల బంధువులకు కారుచవకగా పోయాయని 19వ శతాబ్దపు విచారణలు బయటపెట్టాయి.

తిరుగు రైల్లో ఇది చెబుతుంటే మావాడు లేచి కూర్చున్నాడు. "పోర్టోబెల్లో పార్కు గొడవ ఇదేనా బావగారూ?" అన్నాడు. ఇదే. ఎడిన్‌బరోలో పోర్టోబెల్లో పార్కు కామన్ గుడ్ భూమి. అందులో హైస్కూల్ కడతామని కౌన్సిల్ అంది, స్థానికులు కోర్టుకెళ్లారు. కౌన్సిల్‌కు ఆ అధికారం లేదని 2012లో తీర్పొచ్చింది. చివరికి స్కాట్ పార్లమెంటులో ఆ ఒక్క పార్కు కోసం 2014లో ప్రత్యేక చట్టం చేయించుకుని బడి కట్టారు.

"ఆ రోజుల్లో మా వీధిలో రెండు వైపులవాళ్లూ సంతకాలకు వచ్చారు" అన్నాడు.

"నువ్వు ఎటు పెట్టావు?"

"పిల్లలున్నారు కదా, బడి వైపు. కానీ పార్కు వైపు వచ్చినాయన పక్కింటాయనే. ఆయనకూ పెట్టాను."